ఇజీనగరంలో దిగిన కాలయంత్రం

1991లో 'ఆదిత్య 369' వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. శ్రీకాకుళంలో నేల టిక్కెట్టు కొనుక్కుని చూశాం. కాలయంత్రం గిర్రున తిరిగి 1526లోకి, శ్రీకృష్ణదేవరాయల విజయనగరానికి పోయింది. నేను పక్కనున్న పెదనాన్న చెయ్యి గుంజి, "పెదనాన్నా, మన ఇజీనగరమేటి?" అన్నాను. ముందు వరసలు గొల్లుమన్నాయి. ఆయన మాత్రం నవ్వలేదు. "కాదురా, అది హంపీ దగ్గిరిది. మన కోట 1713లో కట్టింది. అయినా ఆ రాయలు మనేపు రాలేదనుకోకు. సింహాచలం గుళ్లో శాసనం ఏయించీసి, పొట్నూరులో జయస్తంభం పాతీసి మరీ ఎల్లాడు" అన్నారు.

అప్పట్నుంచీ నేను ఆ సినిమా తీసిన సింగీతం శ్రీనివాసరావు పక్షం. ఏ హీరో అభిమాన సంఘంలోనూ నాకు సభ్యత్వం లేదు. ఈ ఒక్క పక్షపాతం మాత్రం దాచుకోను.

మొన్న సెలవులకి మేనకోడలు వస్తే 'బుజ్జి అండ్ భైరవ' మొదటి సీజన్ మళ్లీ పెట్టాను. 'కల్కి 2898 ఎ.డి.' సినిమాకి ముందుమాటలా, 2024 మే 31న ప్రైమ్ వీడియోలో వచ్చిన బొమ్మల కథ ఇది. వచ్చినవి రెండే భాగాలు. ఒళ్లు లేని యంత్రబుద్ధి బుజ్జి. కలవాళ్లుండే కాంప్లెక్స్‌లోకి వెళ్లడమే బతుకంతా అనుకునే వేటగాడు భైరవ. మొదటిసారి చూసినప్పుడు రంగులు కళ్లు చెదరగొట్టాయి. రెండోసారి చూస్తుంటే కళ్లు పక్కకి తిరిగాయి. ఈ కథ జరిగే కాశీలో జనం ఏం వండుకుంటారు, ఎవరితో పోట్లాడతారు, సాయంత్రం అరుగు మీద ఎవరు కూర్చుంటారు? ఆ వాసన తగల్లేదు. కథ కాస్త ఊపందుకునేసరికి సీజనే అయిపోయింది. విస్తరి వేసి, పప్పు వడ్డించి, లేవమన్నట్టుంది.

కానీ బుజ్జి! కీర్తి సురేష్ గొంతులో ఆ అలకా, ఆ సణుగుడూ వింటే పరికరం మాట్లాడుతున్నట్టుండదు, ఇంట్లో పిన్ని చీవాట్లు పెడుతున్నట్టుంటుంది. సీజన్‌ని నిలబెట్టింది ఆ గొంతే. యంత్రాన్ని నమ్మించాలంటే పక్కనో మనిషి ఉండాలి, లేదా యంత్రంలోనే ఓ మనిషి ఉండాలి. తెలుగు తెరకి ఈ గుట్టు ఎప్పుడో తెలుసు.

1957 నాటి 'మాయాబజార్'లో ప్రియదర్శిని పేటిక గుర్తు తెచ్చుకోండి. మూత తీస్తే ఎవరికి ఇష్టమైనవాళ్లు వాళ్లకి కనబడతారు. శశిరేఖ తీస్తే అభిమన్యుడు పాడుతూ కనిపిస్తాడు. ఇవాళ మా మేనకోడలు అమెరికాలో ఉన్న అన్నయ్యతో ఫోన్లో మాట్లాడేది అదే పేటికలో. మార్కస్ బార్ట్లే కెమెరా ఎంత గొప్పదైనా, మనం నమ్మింది పెట్టెలోకి చూస్తున్న సావిత్రి కళ్లని. ద్వారక కోసం యాభై అడుగులకి అరవై అడుగుల చోటులో మూడొందల బుల్లి ఇళ్లు కట్టారని చెబుతారు. కంప్యూటర్ లేదు. ఉన్నవి చెక్కా, సుద్దా, ఓపికా.

ఆ ఓపిక ఎలాంటిదో తెలియాలంటే మాస్క్ షాట్ గురించి తెలియాలి. లెన్సు ముందు నల్ల అట్ట పెట్టి ఫ్రేములో ఒక పక్క మూసేస్తారు. తెరిచి ఉన్న పక్కన ఒక వేషం తీస్తారు. తర్వాత ఫిల్ముని వెనక్కి చుట్టి, అట్టని రెండో పక్కకి జరిపి, అదే నటుడి మీద రెండో వేషం తీస్తారు. నడుమ కెమెరా వెంట్రుకవాసి కదిలిందా, ఇద్దరి మధ్యా గీత పడుతుంది. ఒక్క తప్పుకి రెండుసార్ల కష్టమూ గంగపాలు. ఫిల్ము ల్యాబు నుంచి వచ్చేదాకా ఎవరికీ నిద్ర పట్టదు. ఇద్దరికే ఇంత తంటా అయితే, 1961లో 'సీతారామ కల్యాణం'కి రవికాంత్ నగాయిచ్ రావణుడి పది తలలూ చూపించాడు! ఎన్టీఆర్ గంటల తరబడి రాయిలా కదలకుండా ఉన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. చెయ్యెత్తి దణ్ణం పెట్టాల్సిన పని కాదూ అది?

ఆ 'మాయాబజార్'కి కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రాడే సింగీతం. ఆ బడి చదువంతా 'ఆదిత్య 369'లో కనబడుతుంది. వర్తమానానికి పి.సి.శ్రీరామ్, రాయల కాలానికి వి.ఎస్.ఆర్.స్వామి, 2504కి కబీర్‌లాల్: మూడు కాలాలకి మూడు కళ్లు. ఏ కాలం వెలుగు ఆ కాలానిదే. ఇక కథ అల్లిక చూడండి. సాలార్‌జంగ్ మ్యూజియంలో పోయిన వజ్రం రాయల కొలువులో మళ్లీ మెరుస్తుంది. ఒక్క రాయితో శతాబ్దాల్ని దండ గుచ్చేశాడు! కొలువులో రాజనర్తకి సిల్క్ స్మితకీ మన కాలపు పిల్ల మోహినికీ నాట్యపోటీ పెట్టాడు. తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్ నోట జంధ్యాల మాటలు పలికించాడు. రాయలూ, కాలయంత్రంలో వెళ్లిన కృష్ణకుమారూ ఇద్దరూ బాలకృష్ణే అయినా, నిలబడే తీరులోనే ఎవరెవరో తెలిసిపోతుంది.

2025 ఏప్రిల్‌లో 4కెలో మళ్లీ విడుదలైనప్పుడూ చూశాను. 2504 భాగంలో సెట్టు సెట్టులాగే కనబడింది, ఒప్పుకుంటాను. కానీ అణుయుద్ధం తర్వాత మనిషి భూమి కింద తలదాచుకోవాల్సి వచ్చిందన్న దిగులు సెట్టుది కాదు. అది ఇప్పటికీ గుండెకి తగులుతుంది.

ఇప్పటివాళ్ల తీరు చూస్తే కడుపు మండుతుంది. గ్రాఫిక్స్ షాట్లు ఇన్ని వేలని ఫంక్షన్లో మైకు పట్టుకుని చెబుతారు, పచ్చగుడ్డ ముందు నటుడికి ఎటు చూడాలో మాత్రం ఎవరూ చెప్పరు. వెనక కొండ కూలుతుంటే ముందు మనిషి ముఖంలో చిన్న చలనం ఉండదు. ఎక్కడో చూసిన విదేశీ నగరాన్ని దించి, మీద ఒక గోపురం అతికించి, ఇదే మన భవిష్యత్తంటారు. పనితనం లేని చోట పనిముట్టుని చూపించి చప్పట్లు అడగడం ఇది. కంప్యూటర్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. అదే 'కల్కి' కోసం బుజ్జికి ఒళ్లుగా, రోడ్డు మీద నిజంగా పరుగెత్తే ఆరు టన్నుల బండిని కట్టించారు. తొంభై దాటిన సింగీతం సలహాలు తీసుకున్నారు. దర్శకుడు నాగ్ అశ్విన్‌కి ఏ బడి గొప్పదో తెలుసు. అందుకే ఆ రెండు భాగాల పొట్టి సీజన్ మీద నాకు కోపం ఎక్కువ.

ఇంకో బాధ కూడా ఉంది. 1526 చూశాం, 2504 చూశాం, 2898 కూడా చూసేశాం. ఏ కాలంలోనూ మా మాట మాట్లాడే మనిషి ఒక్కడు ఎదురుపడలేదు. సినిమాల్లో మా యాసంటే పనిమనిషిదీ, కాపలావాడిదీ, నవ్వించి వెళ్లిపోయేవాడిదీ. శ్రీకాకుళం వాడు రాకెట్ ఎక్కడా? ఎక్కితే "ఏటి" అనడా?

మేనకోడలితో 'బుజ్జి అండ్ భైరవ' చూసిన ఆ రోజు పెదనాన్న మంచం మీద నిద్రపోతున్నారని సౌండు తీసేసి చూశాం. మేనకోడలు ఊరుకోలేక బుజ్జికి తనే గొంతిచ్చింది. "ఏటి బావూ, బండెక్కుతావా నేదా? నాకొక ఒళ్లు ఇప్పించీరాదేటి?" అని చేతులు తిప్పుతూ, అలుగుతూ, కసురుతూ భైరవని దులిపేసింది. మేం విరగబడి నవ్వాం. కాసేపయ్యాక నవ్వు ఆగి, కథ వినడం మొదలెట్టాం. ఒళ్లు లేని ఆ యంత్రం జాలి అప్పుడే మొదటిసారి నాకు పట్టింది. నిద్రపోతున్నారనుకున్న పెదనాన్న కళ్లు మూసుకునే, "తర్వాతేటైందే?" అన్నారు.

అందుకే అడుగుతున్నాను. మిగతా భాగాలు తీసేవాళ్లు హంగులు కాస్త తగ్గించినా పరవాలేదు. ఆ లోకంలో ఒక అరుగు కట్టండి. దాని మీద మా వైపు మనిషినొకర్ని కూర్చోబెట్టండి, నవ్వించడానికి కాదు, బండి బాగుచెయ్యడానికి. డబ్బింగుకి ఎవరూ దొరక్కపోతే కబురు పెట్టండి, మా గుంట రెడీగా ఉంది.