బ్రిజిడ్ దేవత: ప్రాచీన ఆధారాలు, ఆధునిక పేగన్ ఆరాధన - ఒక విమర్శ

ఉపోద్ఘాతం

ఏటా జనవరి 31 సాయంత్రం ఐర్లాండ్, బ్రిటన్, ఉత్తర అమెరికా దేశాల్లో ఎందరో పేగన్ ఆరాధకులు ఇంట్లో కొవ్వొత్తి వెలిగిస్తారు, ఆరుబయట ఒక గుడ్డను ఉంచుతారు, తుంగవంటి నీటిగడ్డితో నాలుగు చేతుల శిలువను అల్లుతారు. ఆ రాత్రి బ్రిజిడ్ దేవత వచ్చి గుడ్డను తాకి వెళుతుందనీ, ఏడాది పొడవునా దానికి స్వస్థపరచే శక్తి ఉంటుందనీ విశ్వాసం. మరునాడు ఫిబ్రవరి 1 కేథలిక్కులకు కిల్డేర్ సాధ్వి సెయింట్ బ్రిజిడ్ పండుగ. గడ్డి శిలువ, గుడ్డ ఆ సాధ్వి పేరిట ఐరిష్ పల్లెల్లో తరతరాలుగా సాగిన ఆచారాలే. 2023 నుంచి ఐర్లాండ్ ప్రభుత్వం ఈ పండుగ సందర్భంగా ఫిబ్రవరి ఆరంభంలో సెలవు కూడా ఇస్తోంది.

ఒకే పేరు, ఒకే తేదీ, రెండు విశ్వాసాలు. వీటిలో ఏది అసలు, ఏది అనుకరణ అని తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. భక్తి సత్యాసత్యాలు సాహిత్య విమర్శ పరిధిలోకి రావు. ఆ భక్తి తనకు ఆధారంగా ఏ పాఠాలను ఎంచుకుంది, వేటిని పక్కన పెట్టింది అన్నది మాత్రం వస్తుంది.

ఒక పద్దు మీద నిలిచిన దేవత

ఐరిష్ పురాగాథలన్నీ క్రైస్తవం వచ్చిన తరువాత మఠాలలో లిఖితరూపం పొందినవే. దేవతను కొలిచినవారు రాసిన పాఠమేదీ మన చేతికి రాలేదు. బ్రిజిడ్‌ను స్పష్టంగా దేవత అని పేర్కొన్న ప్రధాన ఆధారం ఒక నిఘంటువు. 908లో మరణించిన కాషెల్ రాజు, బిషప్ కోర్మాక్ పేరిట ప్రచారంలో ఉన్న ఆ పదకోశంలో 'బ్రిగిత్' అన్న పద్దు ఉంది. ఆమె దాగ్దా కూతురు, కవులు ఆరాధించిన దేవత, అదే పేరుగల ఆమె అక్కచెల్లెళ్లలో ఒకరు వైద్యానికి, మరొకరు కమ్మరానికి చెందినవారు - పద్దు సారం ఇంతే. నేడు ఆమెను కవిత్వం, వైద్యం, కమ్మరం అనే మూడు విద్యల అధిదేవతగా పరిచయం చేసే ప్రతి రచనకూ మూలం ఈ కొద్ది వాక్యాలే. దీనికి సుమారు రెండు శతాబ్దాల ముందే, ఏడవ శతాబ్దంలో, కోగిటోసస్ అనే క్రైస్తవ రచయిత సాధ్వి బ్రిజిడ్ జీవితచరిత్రను లాటిన్‌లో రాశాడు. అంటే లిఖిత సాక్ష్యంలో సాధ్వి ముందు వస్తుంది, దేవత తరువాత వస్తుంది. దేవతే సాధ్విగా మారిందన్న ప్రసిద్ధ వాదం అసంభవం కాదు గాని, దాన్ని నిరూపితమైన చరిత్రగా చెప్పడానికి పాఠాలు అనుమతించవు.

పేరు మాత్రం ప్రాచీనమైనదే. 'ఉన్నతురాలు' అన్న అర్థమిచ్చే ఆ కెల్టిక్ పదానికీ, సంస్కృతంలోని 'బృహతీ' శబ్దానికీ మూలధాతువు ఒకటే. ఉత్తర బ్రిటన్‌లో రోమన్ల కాలపు శాసనాల్లో కనిపించే బ్రిగాంటియా దేవత పేరు కూడా ఆ కుదురుకు చెందినదే. ఈ సామ్యం తెలుగు పరిశోధకులకు సహజంగానే ఆకర్షణీయం. అయితే ధాతువు ఒకటైనంత మాత్రాన ఆరాధన ఒకటి కాదు. వ్యుత్పత్తి చెప్పి కథ అల్లేయడం మన జానపద పరిశోధనలో కూడా ఉన్న బలహీనతే కనుక ఇక్కడ ఆ జాగ్రత్త మరింత అవసరం.

కోర్మాక్ పద్దులోని ముగ్గురు బ్రిజిడ్‌లు ఆధునిక ఆరాధనలో ఏమయ్యారన్నది ఆసక్తికరమైన విషయం. 1948లో రాబర్ట్ గ్రేవ్స్ 'ది వైట్ గాడెస్' గ్రంథంలో కన్య, తల్లి, వృద్ధ అనే త్రిరూప దేవత భావనకు ప్రాచుర్యం కల్పించాడు. తరువాతి దశాబ్దాల్లో విస్తరించిన విక్కా తదితర పేగన్ మార్గాలు ఆ చట్రాన్ని స్వీకరించాయి. బ్రిజిడ్ త్రిత్వాన్ని కూడా పలువురు అందులోనే ఒదిగించారు. కోర్మాక్ చెప్పినది స్త్రీ వయోదశలు కావు. ముగ్గురూ ఒకే తరం తోబుట్టువులు. వారిని వేరుచేసేది శరీరధర్మం కాదు, నేర్చిన విద్య. ఒక స్త్రీ దేవతను కవిగా, వైద్యురాలిగా, కమ్మరిగా ఊహించిన పాఠాన్ని కన్యగా, తల్లిగా, ముదుసలిగా చదవడం నా దృష్టిలో విస్తరణ కాదు, కుదింపు.

పంతొమ్మిది రాత్రులు

నేటి ఆరాధనలో అత్యంత అందమైన ఆచారం అఖండ జ్వాల. దీక్ష తీసుకున్న పంతొమ్మిది మంది ఎవరి ఇంట్లో వారు, సూర్యాస్తమయం నుంచి మరుసటి సూర్యాస్తమయం వరకు వంతులవారీగా దీపాన్ని కాపాడతారు. ఇరవయ్యవ వంతు దేవతది. దేశాలు వేరైనా, ఒకరికొకరు ముఖపరిచయం లేకపోయినా, వంతు మాత్రం తప్పదు.

ఈ క్రమం దేవతా గాథలోనిది కాదు. పన్నెండవ శతాబ్ది చివర ఐర్లాండ్ గురించి రాసిన వేల్స్ మతాధికారి జెరాల్డ్ వర్ణనలోనిది. కిల్డేర్‌లో పంతొమ్మిది మంది సన్యాసినులు రాత్రికొకరు చొప్పున అగ్నిని కాపాడేవారనీ, ఇరవయ్యవ రాత్రి కట్టెలు పెట్టి ఆ భారాన్ని సాధ్వి బ్రిజిడ్‌కే వదిలేవారనీ, తెల్లవారేసరికి అగ్ని ఆరకుండా ఉండేదనీ అతడు రాశాడు. ఆ అగ్ని చుట్టూ ఉన్న కంచెను పురుషుడెవడూ దాటకూడదు. స్త్రీలు సైతం నోటితో ఊదకూడదు, తిత్తులో విసనకర్రలో వాడాలి. అగ్నిని నోటితో ఊదరాదన్న మనుస్మృతి నిషేధం ఇక్కడ గుర్తురావచ్చు. గుర్తురావడం వేరు, సంబంధం వేరు.

కనుక పేగన్ ఆరాధకులు తమ ప్రధాన క్రతువును ఒక క్రైస్తవ మతాధికారి, క్రైస్తవ సన్యాసినుల గురించి రాసిన కథనం నుంచి తీసుకున్నారు. దీన్ని ఎత్తిచూపి ఆచారాన్ని కొట్టిపారేయడం సులువు. 1993లో కిల్డేర్‌లో బ్రిజిడీన్ సన్యాసినులు జ్వాలను తిరిగి వెలిగించారు. అదే సంవత్సరం కెనడాలోని వాంకూవర్ కేంద్రంగా 'డాటర్స్ ఆఫ్ ది ఫ్లేమ్' అనే బృందం తన దీపాన్ని ప్రారంభించింది. శతాబ్దాల విరామం ఇద్దరికీ సమానమే. తెగిపోయిన పరంపరను పాఠం ఆధారంగా తిరిగి ముడివేసుకోవడంలో వారికీ వీరికీ పద్ధతిలో భేదం తక్కువ. పేగన్లలో పునర్నిర్మాణవాదులు కొందరు ప్రాచీన పాఠంలో ఉన్నదేదో, తమ వ్యక్తిగత అనుభూతి వల్ల తెలిసిందేదో విడివిడిగా చెప్పాలన్న నియమం పెట్టుకున్నారు. ఈ నిజాయితీ అనేక ప్రామాణిక గ్రంథాల్లోనే కొరవడుతుంది.

వదిలివేసిన కథ

అయినా ఈ ఆరాధనపై నాకున్న ప్రధానమైన అభ్యంతరం చరిత్రకు సంబంధించినది కాదు, సాహిత్యానికి సంబంధించినది. పద్దుకు దక్కిన గౌరవం కథకు దక్కలేదు.

మోయ్‌తురా యుద్ధగాథలో దాగ్దా కూతురు బ్రీగ్ కనిపిస్తుంది. ఆమె భర్త బ్రెస్. అతడి తల్లి దేవగణానికి, తండ్రి శత్రువులైన ఫొమోరులకు చెందినవారు. వారి కొడుకు రువాదాన్. దేవగణపు ఆయుధాలు ఎంత విరిగినా మరునాటికి కొత్తవి ఎలా వస్తున్నాయో తెలుసుకోవడానికి ఫొమోరులు ఆ యువకుణ్ణి వేగుగా పంపుతారు. అతడు కొలిమి దగ్గరకు వెళ్లి ఈటె అడుగుతాడు. బంధువే కదా అని ఇస్తారు. దానితోనే కమ్మరి గోయ్బ్నియును పొడుస్తాడు. గోయ్బ్నియు ఆ ఈటెను పెరికి తిరిగి విసురుతాడు. రువాదాన్ తండ్రి ఎదుటే ప్రాణం విడుస్తాడు. బ్రీగ్ వచ్చి కొడుకు కోసం మొదట కేక పెట్టి, ఆపై ఏడుస్తుంది. ఐర్లాండ్‌లో శోకరోదనం వినబడడం అదే మొదటిసారి అంటుంది గాథ.

కోర్మాక్ విడివిడిగా పేర్కొన్న మూడు విద్యలూ ఈ ఘట్టంలో ఒకచోట చేరడం గమనార్హం. కొలిమి ఉంది, కొడుకును చంపిన ఆయుధం అక్కడిదే. వైద్యం ఉంది. క్షతగాత్రులను బాగుచేసే బావిలో దిగి గోయ్బ్నియు స్వస్థుడవుతాడు, రువాదాన్‌కు ఆ బావి లేదు. వాక్కు ఉంది, అది శోకంగా పుట్టింది. క్రౌంచవధ ఘట్టం చదివిన మనకు శోకం నుంచి శ్లోకం పుట్టడం కొత్త కాదు. కాని అక్కడ శోకించినవాడు చూసిన ఋషి, ఇక్కడ శోకించినది కన్నతల్లి. పైగా ఆమె ఏ పక్షపు గెలుపునూ సంపూర్ణంగా కోరుకోలేని స్థితిలో ఉంది. ఒకవైపు తండ్రి, మరోవైపు భర్త, నడుమ కొడుకు శవం.

పదకోశంలోని బ్రిగిత్, గాథలోని బ్రీగ్ ఒకరేనా అన్న సందేహానికి తావుంది. తండ్రి ఒకడే కావడం, పేరు సన్నిహితం కావడం తప్ప వేరే నిదర్శనం లేదు. కాని సాధ్వి అగ్నిని దేవత అగ్నిగా స్వీకరించిన ఆరాధన ఇక్కడ మాత్రం అంత కచ్చితత్వం పాటించనవసరం లేదు. పాఠం అందుబాటులో లేదనడానికీ వీల్లేదు. విట్లీ స్టోక్స్ 1891లోనే దాన్ని ఆంగ్లానువాదంతో ప్రకటించాడు. ఈ శోకాన్ని స్మరించే ఆరాధకులు లేకపోలేదు. అయితే ప్రచారంలో ఉన్న పరిచయాల్లో కేంద్రస్థానం వెలుగుకు, వసంతానికి, సృజనకు దక్కింది. ఇంబోల్క్ నాటి ప్రార్థనలు ఆమెను కోరేది ప్రేరణను, స్వస్థతను. కొలిమి పక్కన కూలిన కొడుకు ప్రస్తావన వస్తే ఆ స్వస్థత ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్న ప్రశ్న కూడా వస్తుంది. దానికి గాథ సమాధానం ఇవ్వదు. గోయ్బ్నియు గాయం మానిందని చెప్పి యుద్ధంలోకి సాగిపోతుంది. బ్రీగ్ ఆ తరువాత ఏమైందో చెప్పదు.