విరిచే ఎంజైమే అతికిస్తుంది

కైటిన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్ కైటినేజ్. ఎసిటైల్ గ్లూకోసమైన్ అనే చక్కెర అణువులు బారుగా అతుక్కుంటే కైటిన్ అవుతుంది. రొయ్య పెంకులోనూ, పురుగుల పైపొరలోనూ, బూజు కణాల గోడలోనూ ఉండేది ఇదే. నూజివీడు మామిడి రైతుకు ఈ చివరిదానితోనే పని. పూత మీద వాన పడిన ఏడాది పక్షికన్ను తెగులు తెచ్చే కొల్లెటోట్రైకమ్ బూజు పూగుత్తులను మాడుస్తుంది. పిందెలోకి చేరి, కాయ పచ్చిగా ఉన్నంతకాలం కనపడకుండా దాగి, రసాలు మగ్గే వేళ నల్ల మచ్చలై బయటపడుతుంది. కోసిన రోజు నిగనిగలాడిన కాయ కొన్నవాళ్ల ఇంట్లో పాడవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

కైటినేజ్‌తో కైటిన్‌ను విరిచి తిని బతికే బ్యాక్టీరియాలు నేలలో చాలా ఉన్నాయి. వాటిలో సెరాషియా ప్రజాతి పేరు పొందింది. సెరాషియా మార్సెసెన్స్ తయారుచేసే కైటినేజ్-ఎ నిర్మాణం 1994లోనే వెల్లడైంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అప్పారావు పొదిలె బృందం సెరాషియా ప్రోటియామాక్యులాన్స్ అనే మరో బ్యాక్టీరియాను ఎంచుకుంది. దాని కైటినేజ్-డి స్ఫటిక నిర్మాణాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌లోని టి.పి. సింగ్ బృందంతో కలిసి 2013లో ప్రచురించింది.

స్ఫటికం చేయడమే ఇందులో కష్టమైన పని. ఎంజైమ్‌ను మిగతా ప్రోటీన్ల నుంచి వేరుచేసి, లవణాలు, పాలిమర్లు కలిపిన చిన్న బొట్టులో ఉంచాలి. బొట్టులో నీరు మెల్లగా తగ్గుతూ ఉంటే అణువులు ఒద్దికగా పేరుకుని స్ఫటికం కావాలి. ఏ పాళ్లలో అవుతుందో ముందే చెప్పే సూత్రం లేదు. ఆమ్లత, ఉష్ణోగ్రత, లవణం మార్చుతూ పోవడమే, ఓపిక పట్టడమే. యంత్రాలు ఎన్ని వచ్చినా చేతి నేర్పుకు ఇక్కడ విలువ తగ్గలేదు. స్ఫటికం దొరికాక దాని గుండా ఎక్స్-కిరణాలు పంపితే అవి చెదిరి చుక్కలుగా పడతాయి. ఆ చుక్కల చోటు, తీవ్రతల నుంచి ఎలక్ట్రాన్ల సాంద్రతను లెక్కగట్టి, అందులో పరమాణువులను అమర్చుతారు.

అలా తేలిన రూపం ఒక పీపా లాంటిది. లోపల వలయంగా ఎనిమిది పట్టీలు, వాటి చుట్టూ ఎనిమిది సర్పిలాలు. పీపా పైఅంచున ఉన్న గాడిలో కైటిన్ గొలుసు ఇమిడిపోతుంది. అక్కడున్న గ్లుటామిక్ ఆమ్లం బంధానికి ప్రోటాన్ అందించి గొలుసును తెంపుతుంది. ఆ క్షణంలో చక్కెరకున్న ఎసిటైల్ భాగమే తెగిన చోటును తాత్కాలికంగా మూసి ఉంచుతుంది. తరువాత నీటి అణువు వస్తే తెగింది తెగినట్టే. నీటికి బదులు మరో చక్కెర గొలుసు వస్తే రెండూ అతుక్కుని ఇంకా పొడుగు గొలుసు పుడుతుంది. ఈ అతికించే పనిలో కైటినేజ్-డి దిట్ట. గాడి దగ్గర దానికున్న అదనపు మెలికలను నిర్మాణం చూపించింది.

దీని అసలు విలువ బూజును కొరకడంలో కన్నా ఈ అతుకులోనే ఉంది. మొక్కలు కైటిన్ ముక్కలను గుర్తుపట్టి, బూజు దాడి జరుగుతోందని గ్రహించి రక్షణను మేల్కొలుపుతాయి. రెండు మూడు చక్కెరల ముక్కలకన్నా ఆరు నుంచి ఎనిమిది చక్కెరల గొలుసులకు ఆ స్పందన బలంగా ఉంటుంది. అలాంటి గొలుసులను చవకగా చేయగల ఎంజైమ్ శిలీంధ్ర మందుల వాడకాన్ని తగ్గించే దారి కావచ్చు.

నూజివీడులో మామిడి పరిశోధన స్థానం ఉంది. హైదరాబాద్‌లో మొదలైన ఈ పని అక్కడి రసాల చెట్ల మీద, వాన పడే పూత కాలంలో పరీక్షకు నిలబడాలి. విశ్వవిద్యాలయాలు, ఉద్యాన శాఖ కలిసి ఆ పరీక్ష చేపట్టాలి.