దిద్దరాని శుభలేఖ

పెండ్లి శుభలేఖలు అచ్చు కార్యాలయము నుండి కట్టలు కట్టలుగా ఇంటికి వచ్చినను, అవి ఎంత మేలైన కాగితముపై ఎంత సొంపైన అక్షరములతో ముద్రితములైనను, ఇల్లాలు పసుపు తడిపి వ్రేలితో నాలుగు మూలల అద్దువరకు వానికి శుభత్వము సిద్ధింపదు. అచ్చుయంత్రము అక్షరముల నీయగలదు గాని మంగళమును మాత్రము మనుష్యుని చేయియే ఈయవలెనని మన పెద్దలు ఎన్నడును ఉపన్యసింపలేదు. ఆ మాటను ఒక ఆచారములో ఇమిడ్చి ఊరకుండిరి. పండుగ వచ్చుచున్నదనగా పసిపిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని బంధువులకు పంపవలసిన కార్డులను ఇంటనే చేయించు ముచ్చటను తలచినప్పుడెల్ల నాకు ఆ పసుపు మూలలే జ్ఞప్తికి వచ్చును.

అచ్చుకార్డు పుట్టుకయే తీరికలేమి వలన కలిగినది. 1840లో ఇంగ్లండు దేశమున పెన్నీ తపాలా వెలసి ఉత్తరములు పంపుట సులభము కాగా, వచ్చిపడు లేఖలకెల్ల బదులు వ్రాయ తీరిక చాలని హెన్రీ కోల్ అను ఉద్యోగి, 1843వ సంవత్సరపు క్రిస్మసునకు జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అను చిత్రకారునిచేత ఒక బొమ్మ గీయించి, దానిని రాతి అచ్చున వేయించెను; మిగిలిన ప్రతులను ఒక్కొక్కటి ఒక షిల్లింగునకు అమ్మించెను. విచిత్రమేమనగా, తీరిక లేక పుట్టిన ఆ తొలి కార్డునకు సైతము రంగులు చేతితోనే పూయవలసి వచ్చెను. పిల్లలతో కార్డు చేయుట యనగా ఆ పోగొట్టుకొన్న తీరికను వెనుకకు తెచ్చుకొనుటయే.

ఇందులకు సంక్రాంతిని మించిన పండుగ లేదు. నెల పట్టిన దినము మొదలు భోగి మంట వరకు సుమారు ముప్పది దినముల వ్యవధి గలదు. వాకిట ముగ్గులు, ముగ్గుల నడుమ గొబ్బెమ్మలు, తలపై అక్షయపాత్రతో హరిదాసు, రంగురంగుల బొంతలు కప్పుకొని తల యూచు గంగిరెద్దు: బొమ్మకు వస్తువును వెదుక నక్కరలేదు, ఉదయము గుమ్మమున చూచినదానినే పిల్లవాడు మధ్యాహ్నము కాగితముపై నిలుపును.

పనిలో మొదటి సూత్రము: ముందు కవరు, పిదప కార్డు. ముచ్చటగా కార్డు చేసి, తుదకు అది కవరులో పట్టక అంచులు కత్తిరించి బొమ్మలోని గంగిరెద్దు కొమ్ములు పోగొట్టిన ఇండ్లను నేనెరుగుదును, అందు మా యిల్లును ఒకటి. కవరును ముందుంచుకొని, మడిచిన కార్డు దానికంటె అన్ని వైపుల పావు అంగుళము తక్కువగా ఉండునట్లు మందపు డ్రాయింగు కాగితమును కోయవలెను. మందపు కాగితమును ఊరక మడిచినచో మడత పగులును. కావున మడత పడవలసిన చోట బద్ద ఆనించి చెంచా కాడతో ఒక గీత నొక్కి, పిమ్మట అంచుకు అంచు కలిపి మడిచి, గోటితో రుద్దవలెను. కొలత, కోత పెద్దల పని. అంచులు కలుపుట, గోటితో రుద్దుట పిల్లల పని.

ఇక ముద్రలు. వంటింటిలో ముదిరి కూరకు పనికిరాని బెండకాయయే ఇచ్చట రాణించును. తొడిమ వైపు లావుగా ఉన్నచోట అడ్డముగా కోసినచో, ఐదు గదులతో, గదికొక గింజతో, ఎవరును గీయని పువ్వు బయటపడును. కోసినంతనే రంగులో ముంచరాదు. బంక వలన రంగు జారిపోవును. పాతగుడ్డతో తుడిచి కొంచెముసేపు ఆరనీయవలెను. సాసరులో తడిగుడ్డను నాలుగు మడతలు వేసి, దానిపై చిక్కని రంగు పూసిన అదియే ముద్రలకు మెత్త యగును. కాగితము క్రింద పాత వార్తాపత్రికను ఒత్తుగా పరచినచో ముద్ర సమముగా పడును. నిలువుగా అద్దవలెను, నిలువుగానే ఎత్తవలెను. ప్రక్కకు జరిపినచో పువ్వు చెదరును. ఐదేండ్ల పిల్ల నాలుక కొన బయటపెట్టి, రెండు చేతులతో బెండకాయను పట్టి, దేహభారమంతయు దానిపై మోపి మొదటి పువ్వును ముద్దగా చేయును. మరల రంగు అద్దకుండ వేసిన రెండవది తేటపడును. మూడవదానికి ఈనెలు సైతము కనబడును. ఎంత బలము చాలునో ఆమెకు నోటితో చెప్ప నక్కరలేదు, ఆ మూడు పువ్వులే చెప్పును.

ఉల్లిగడ్డ సగము ముక్క వలయములను, కాకరకాయ పండ్లచక్రమును, వెనుకవైపు రంగు పూసిన మామిడాకు తన ఈనెల అల్లికను ఇచ్చును. బంగాళాదుంపపై గాలిపటమును చెక్కవచ్చును గాని అక్షరమును చెక్కునప్పుడు అద్దములోని ప్రతిబింబమువలె తిరుగవేసి చెక్కవలెను. ఈ మెలకువ మరచినవాడు ముద్ర వేసిన పిదప తాను వ్రాసినదానిని తానే చదువలేడు.

రంగులకును అంగడికి పోనక్కరలేదు. చిక్కగా కలిపిన పసుపును తెల్లకాగితమునకు పూసి నీడన ఆరబెట్టవలెను, ఎండ తగిలిన పసుపు వెలిసిపోవును. ఆరిన కాగితముపై సబ్బునీట ముంచిన దూదిపుల్లతో పువ్వు గీచినచో, గీచిన చోటెల్ల పసుపు ఎఱ్ఱబారి, పిల్లలు కనులు విప్పార్చి చూచుచుండగనే పువ్వు పూయును. సబ్బులోని క్షారము తగిలి పసుపు వన్నె మారుటయే ఇందలి రహస్యము. 7వ తరగతి విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకమున ఈ కిటుకును అమ్మ పుట్టినరోజు కార్డుగా చేర్చిరి. కాని పసుపులో సున్నము కలిపి ఎఱ్ఱనీళ్ళు దిష్టి తీయు అవ్వలకు ఇది ఏనాటి నుండియో తెలిసిన విద్యయే.

చేయి కొంత కుదిరిన పిల్లలకు చుక్కల ముగ్గు తగియుండును. నడుమ ఐదు చుక్కలు పెట్టి, పైకిని క్రిందికిని సందుచుక్కలుగా ఒక్కొక్కటి తగ్గించుచు ఒకటి వరకు పోయినచో ఇరువది యైదు చుక్కలగును. ఎఱ్ఱమన్ను పూసిన అట్టపై తడిపిన బియ్యపు పిండితో ఆ చుక్కలను చుట్టి మెలిక వేయుచు, గీత బయలుదేరిన చోటికే మరల వచ్చి చేరినప్పుడు పిల్ల మొగమున కలుగు ఆశ్చర్యము ఏ గణితపాఠమునను నేను చూడలేదు.

బొమ్మ ముగిసిన పిదప మాట. ‘సంక్రాంతి శుభాకాంక్షలు’ అను పెద్దమాటను ఎవరైనను వ్రాయుదురు. దానితోపాటు పిల్లవానిని ఒక్క కబురు అడుగవలెను. “మా పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది”, “నాకు ముందుపన్ను ఊడింది” అను వాక్యముల కొరకే దూరమున ఉన్నవారు కార్డు విప్పుదురు. కబురు వెదకుకొనుటలో పిల్లవాడు ఎదుట లేని మనిషిని తలపోయును. ఆ మనిషికి ఏది ఇష్టమో, ఏది తెలియదో ఊహించును. ఈ పనిలోని ప్రయోజనములలో నేను దీనికే మొదటి పీట వేయుదును.

పెద్దలకు ఇందు కఠినమైన నియమము ఒక్కటియే గలదు: దిద్దరాదు. పలకపై మనము వ్రాసిన అక్షరముపైననే పిల్లలు బలపముతో మరల మరల దిద్దుదురు. వారు తప్పినచో మనము దిద్దుదుము. నేర్చుటకును సవరించుటకును మన భాషలో ఒకటే మాట యగుటచేత, పిల్లవాని చేతిలో కాగితము కనబడగనే మన చేయి ఊరకుండదు. నా చేయియు ఊరకుండలేదు. ఒక సంక్రాంతికి మా అమ్మాయి తన అమ్మమ్మకు బెండకాయ పూల కార్డు చేసి, పైన ‘అమమ్మకు’ అని వ్రాసెను. నేను కలము తీసి, మరుగైపోయిన మ-వత్తును క్రింద చేర్చితిని. అది అమ్మమ్మకు వ్రాసిన ఉత్తరమని మరచి పరీక్షపత్రమును చూచినట్లు చూచితిని. మా అమ్మాయి ఆ కార్డును నా వైపు త్రోసి, “ఐతే ఇది నీదే నాన్నా, నువ్వే పంపుకో” అని లేచి పోయెను.

మరునాడు ఆమె మరియొక బెండకాయ తెచ్చుకొని కొత్త కార్డు చేసెను. దానిపైనను ‘అమమ్మకు’ అనియే యుండెను. ఈసారి నేను చిరునామా మాత్రము వ్రాసి తపాలాపెట్టెలో వేసితిని. కనుమ వెళ్ళిన కొన్ని దినములకు జవాబు వచ్చెను. ముప్పది యేండ్లు తెలుగు పండితురాలుగా పనిచేసి, వేలమంది పిల్లల వత్తులను ఎఱ్ఱసిరాతో దిద్దిన మా అత్తగారు, ముత్యములవంటి దస్తూరితో, లేఖ చివర ‘ఇట్లు, నీ అమమ్మ’ అని వ్రాసిరి.