తొందర పనికి తీరిక నకలు

యుద్ధకాలపు సోవియట్ ట్యాంకు టీ-34ను 35వ వంతు కొలతలో కడితే జానెడు కన్నా కాస్త తక్కువ పొడవుంటుంది. అసలు బండి వెడల్పు మూడు మీటర్లు, నమూనా వెడల్పు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. ముందువైపు ఉక్కు పలక మందం 45 మిల్లీమీటర్లు, నమూనాలో 1.3 మిల్లీమీటర్లు. ఇదంతా భాగహారం. కాలిక్యులేటర్ ఉన్నవాళ్లెవరైనా చేయగలరు. అసలు పనితనం భాగహారం అయిపోయాక మొదలవుతుంది.

కారు నమూనా అయినా, విమానం నమూనా అయినా కట్టేవాళ్లు నునుపు కోసం పాటుపడతారు. అతుకు కనిపించకూడదు, అంచు వంకర పోకూడదు. టీ-34 విషయంలో ఈ అలవాటే శత్రువు. ఆ ట్యాంకును చేసినవాళ్లకు నునుపు చేసే తీరిక లేదు. గుండు తగిలినప్పుడు పలక నిలబడాలి, గేరు పడాలి, ఫిరంగి పేలాలి. మిగతాది ఎలా ఉన్నా ఫర్వాలేదు. 1941లో ఒక్కో ట్యాంకుకు సుమారు 2,70,000 రూబుళ్లయ్యే ఖర్చు 1943 నాటికి దాదాపు సగానికి దిగిందంటే, కోసేసిన వాటిలో ఈ నునుపు కూడా ఉంది. కాబట్టి మంచి మోడలర్ ఇక్కడ నేర్చుకోవలసిన విద్య ఇతరుల తొందరను తన తీరికతో అనుకరించడం.

అయితే ఎవరి తొందర? మిహయిల్ కోష్కిన్ బృందం ఖార్కొవ్‌లో ఈ ట్యాంకును రూపొందించింది. 1940 మార్చిలో రెండు నమూనా ట్యాంకులను ఖార్కొవ్ నుంచి మాస్కో దాకా మంచులో నడిపించారు. ఆ ప్రయాణం తర్వాత జబ్బుపడిన కోష్కిన్ ఆ సెప్టెంబరులోనే న్యుమోనియాతో చనిపోయాడు. 1941లో జర్మన్ సేనలు ముందుకు రావడంతో ఖార్కొవ్ కర్మాగారాన్ని యంత్రాలతో సహా రైళ్లకెక్కించి ఉరల్ పర్వతాల దగ్గరి నీజ్నీ తగీల్‌కు తరలించారు. స్టాలిన్‌గ్రాడ్, గోర్కీ, చెల్యాబిన్స్క్, స్వెర్ద్‌లోవ్‌స్క్, ఓమ్‌స్క్‌లలోని కర్మాగారాలు కూడా ఇవే ట్యాంకులు చేశాయి. బ్లూప్రింటు ఒకటే. ఎవరి దగ్గర ఏ యంత్రం ఉంటే, ఏ సరుకు దొరికితే దాన్నిబట్టి పని సాగింది. అందుకే ఈ రంగంలో అనుభవం ఉన్నవాళ్లతో ‘టీ-34 కడుతున్నాను’ అంటే, ఏ ఫ్యాక్టరీది, ఏ నెలది అని వెంటనే అడుగుతారు.

నా దృష్టిలో వీటిలో అన్నిటికన్నా గొప్ప పరీక్ష 1942 నాటి స్టాలిన్‌గ్రాడ్ ట్రాక్టర్ ఫ్యాక్టరీ బండి. స్టాలిన్‌గ్రాడ్ పేరు మన పాఠకులకు కొత్త కాదు. మాస్కోలో అచ్చై తక్కువ ధరకు మన ఊళ్ల దాకా వచ్చిన తెలుగు పుస్తకాల పుణ్యమా అని ఒక తరం మొత్తానికి ఓల్గా నది పరిచయమే. 1942 ఆగస్టు 23న జర్మన్ ట్యాంకులు నగరానికి ఉత్తరాన ఆ నదిని చేరేసరికి ఈ ఫ్యాక్టరీ కూతవేటు దూరంలో ఉంది. ఇక్కడి బండ్లను గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. కవచం పలకల అంచులను పళ్లలా కోసి, ఒకదానిలో ఒకటి దిగేలా అమర్చి, ఆపైన వెల్డింగు చేశారు. ఫిరంగి మొదట్లో ఉండే కవచం కింది అంచు ఉలి మొనలా కోణంగా ఉంటుంది. రబ్బరు కొరత వల్ల చక్రాల అంచులకు ఉండాల్సిన రబ్బరు పట్టీ పోయింది. దానికి బదులు చక్రం లోపల, ఇరుసు దగ్గర చిన్న రబ్బరు కడియాలు పెట్టారు, బయటంతా ఉత్త ఉక్కే. అదే 1942లో నీజ్నీ తగీల్ బండికి మొదటి, అయిదో చక్రాలకు రబ్బరుండి, మధ్య మూడూ ఉక్కువి కావచ్చు. కిట్ పెట్టెలో వచ్చిన చక్రాలను ఆలోచించకుండా బిగించేస్తే ఒక ఊరి బండికి ఇంకో ఊరి కాళ్లు వస్తాయి.

పలకల అంచులు చూడండి. అసలు పలకలను గ్యాస్ మంటతో కోశారు. ఆ కోత మీద మంట వదిలిన నిలువు గీతలు, చిన్న చిన్న గుంటలు అలాగే ఉండిపోయాయి. కిట్‌లోని ప్లాస్టిక్ అంచు అద్దంలా ఉంటుంది. పనితనం తెలిసినవాడు సన్నటి బ్లేడు మొనతో ఆ అంచు పొడవునా గాట్లు పెడతాడు. అన్నీ ఒకే ఎడంతో పెడితే యంత్రం చేసినట్టుంటుంది, ఇష్టమొచ్చినట్టు గీకితే ఎలుక కొరికినట్టుంటుంది. మంట కదిలిన దిశ ఒకటే, కోసినవాడి చెయ్యి మాత్రం అక్కడక్కడా ఆగింది. గాట్లలో ఆ ఆగడం తెలియాలి.

వెల్డింగు సంగతి ఇంకా సూక్ష్మం. కిట్ భాగాలు అమర్చి వచ్చిన ప్లాస్టిక్ చట్రం కాడను కొవ్వొత్తి మంట దగ్గర వేడి చేసి లాగితే దారంలా సాగుతుంది. ఆ దారాన్ని పలకల మధ్య అతుకులో పరిచి, ప్లాస్టిక్‌ను కరిగించే పలచటి జిగురు తాకిస్తే మెత్తబడుతుంది. అది గట్టిపడేలోగా బ్లేడు మొనతో ఒకదాని పక్కన ఒకటి చంద్రవంకల్లా నొక్కుకుంటూ పోవాలి. స్టాలిన్‌గ్రాడ్ బండికి ఈ గీత లావుగా, ఎగుడుదిగుడుగా, చేతి వెల్డింగులా ఉండాలి. నీజ్నీ తగీల్ బండికైతే లెక్క వేరు. యెవ్‌గెనీ పాతొన్ వెల్డింగు సంస్థ కూడా కీవ్ నుంచి అక్కడికే తరలివెళ్లింది. ఆయన పెంపొందించిన ఆటోమేటిక్ వెల్డింగుతో బండి ఒంటి పలకల పొడవైన అతుకులు వేశారు. అవి తిన్నగా, ఒకే మందంతో ఉంటాయి. రెండు అతుకుల మధ్య తేడాను అర మిల్లీమీటరు వెడల్పులో చూపించాలి. చూపించినవాళ్ల పని నేను ఫొటోల్లో భూతద్దం పెట్టి చూశాను. ఆ గీత నుంచి చూపు మరల్చడం కష్టం.

పోత టరెట్ (ఫిరంగితో పాటు తిరిగే పై గూడు) ఉన్న బండి ఎంచుకుంటే ఇంకో రకం గరుకు కావాలి. ఇసుక అచ్చులో పోసిన ఉక్కుకు ఇసుక చర్మం వస్తుంది. అచ్చు రెండు భాగాలు కలిసిన చోట ఒక గీత, లోహం పోసిన గొట్టాన్ని తెగకోసిన చోట ఒక మచ్చ మిగులుతాయి. పలచగా కలిపిన లప్పాన్ని పూసి, ఆరేలోగా గట్టి కుంచెతో నిలువుగా పొడిస్తే ఆ చర్మం వస్తుంది. ఎండాక ఎమరీ కాగితంతో ఎత్తులు తగ్గించాలి. ఇక్కడ చాలామంది మోజులో పడి నారింజ తొక్కలాగా చేసేస్తారు. నమూనాలో పావు మిల్లీమీటరు ఎగుడుదిగుడు అసలు ట్యాంకు మీద దాదాపు తొమ్మిది మిల్లీమీటర్ల గుంట అవుతుందని గుర్తుంచుకుంటే చెయ్యి అదుపులో ఉంటుంది.

ఈ లెక్కే మడ్‌గార్డు దగ్గర తిరగబడుతుంది. అసలు మడ్‌గార్డు పలుచని రేకు. కిట్‌లో దాని ప్లాస్టిక్ మందం ఒక మిల్లీమీటరుంటే అసలు కొలతలో మూడున్నర సెంటీమీటర్ల ఉక్కు అన్నమాట. మడ్‌గార్డు కాదది, కవచం! అందుకని అంచును కింది వైపు నుంచి గీకి గీకి కాగితంలా పలచన చేస్తారు, లేదా తీసేసి ఇత్తడి రేకు మడిచి పెడతారు. రేకైతే వంచవచ్చు కూడా. యుద్ధంలోకి వెళ్లిన ఏ టీ-34 మడ్‌గార్డూ తిన్నగా మిగల్లేదు. పదాతి సైనికులు పట్టుకుని కూర్చునే కమ్మీలకు రాగి తీగ, వెనుక గాలి తెరకు సన్నటి లోహపు వల, లాగే తాడుకు మెలిపెట్టిన తీగ వాడతారు. వీటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఓపికుంటే ఎవరికైనా వస్తాయి.

ఓపికతో పాటు అవగాహన కూడా కావలసింది ట్రాకు గొలుసు దగ్గర. టీ-34కు పైవైపు గొలుసును మోసే చిన్న రోలర్లు లేవు. పెద్ద చక్రాల నెత్తినే గొలుసు వాలుతుంది. చక్రానికీ చక్రానికీ మధ్య దిగబడుతుంది. బరువున్న ఉక్కు ఎలా దిగబడుతుందో అలా దిగబడాలి. పాతకాలపు కిట్లలో వచ్చే రబ్బరు పట్టా మిషను బెల్టులా బిగుసుకుని ఉంటుంది, నమూనా అంతటినీ పాడుచేసేది అదొక్కటే. ఒక్కో లంకెనూ విడిగా అతికించాలి. ఒక పక్కకు 70కి పైగా లంకెలు. ఒకటి విడిచి ఒకటికి లోపలివైపు కొమ్ముంటుంది. వెనుక చక్రంలోని రోలర్లు ఆ కొమ్ములను నెట్టడం వల్లే బండి కదులుతుంది కాబట్టి కొమ్ములు రోలర్ల మధ్య సరిగ్గా పడాలి. లంకెలను కలిపే పిన్నుల తలలు లోపలివైపు ఉంటాయి. అవతలి కొసకు బిగింపేమీ ఉండదు. నడుస్తుంటే పిన్నులు బండి ఒంటి వైపు జరిగి గొలుసు నుంచి పొడుచుకొస్తాయి. వాటిని మళ్లీ గొలుసులోకి తోయడానికి బండి ఒంటి పక్కన వెనుక చక్రం దగ్గర ఒక ఉక్కు ముక్కను వెల్డు చేశారు. తల తగలగానే పిన్ను దానంతటదే సర్దుకుంటుంది. ఇంత చవకైన, ఇంత తెలివైన ఏర్పాటు ఇంకో ట్యాంకులో కనిపిస్తే చెప్పండి. నమూనాలో ఇది బియ్యపుగింజంత ముక్క, అదీ గొలుసు చాటున. దాన్ని కూడా పెట్టినవాడు ట్యాంకును చూసి కట్టలేదు, అర్థం చేసుకుని కట్టాడు.

రంగు విషయంలో వాదాలకు అంతులేదు. ఎర్రసైన్యం వాడిన ముదురు ఆకుపచ్చకు 4బీఓ అని పేరు. దాని అసలు ఛాయ మీద మోడలర్ల పట్టింపులు పెళ్లిచూపుల పట్టింపుల్లాంటివి, తెగవు. నాకు ముఖ్యమనిపించేది వేరు. చిన్న వస్తువు మీద అదే రంగు మరింత ముదురుగా కనిపిస్తుంది, కాబట్టి కొంత లేతగా చేయాలి. తుప్పు అతిగా పులమకూడదు. ఈ బండ్లలో చాలా వాటికి తుప్పు పట్టేంత ఆయుష్షు లేదు. ఉక్కు చక్రాలున్న బండికి గొలుసు లోపలి ముఖం మీద చక్రం దొర్లిన దారి వెండిలా మెరవాలి. చలికాలపు బండికైతే ఆకుపచ్చ మీద హెయిర్ స్ప్రే కొట్టి, దానిపైన తెల్లరంగు వేసి, తడి కుంచెతో రుద్దితే సైనికుల బూట్లు తగిలిన చోట్ల సున్నం రాలినట్టు తెలుపు లేచిపోతుంది. టరెట్ మీద అంకెలకు స్టిక్కర్లు వద్దు. అసలువి చేత్తో రాసినవి, నమూనా మీదా చేత్తోనే రాయాలి.

ఇన్ని వివరాలు ఎక్కడి నుంచి వచ్చాయంటే, సోవియట్ పతనం తర్వాత తెరుచుకున్న దస్తావేజుల నుంచి, జర్మన్ సైనికులు తీసుకున్న ఫొటోల నుంచి, రష్యాలోని కుబింకా, ఫిన్లండ్‌లోని పరోలా ట్యాంకు మ్యూజియాల్లోని బండ్ల నుంచి. మ్యూజియం బండిని గుడ్డిగా కొలిస్తే మళ్లీ చిక్కే. యుద్ధం తర్వాత మరమ్మతుల్లో చాలా వాటికి కొత్త చక్రాలు, కొత్త గొలుసులు వచ్చి చేరాయి. అందుకే 2000 సెప్టెంబరులో ఎస్తోనియాలోని కుర్ట్నా దగ్గర సరస్సు అడుగు నుంచి లాగిన టీ-34 అంత విలువైనది. జర్మన్లు పట్టుకుని తమ శిలువ గుర్తు వేసుకున్న ఆ బండి మీద అప్పటి రంగు అలాగే ఉంది. ఇక ఈ 35వ వంతు కొలతను శాస్త్రీయంగా ఎవరూ నిర్ణయించలేదు. 1960ల మొదట్లో జపాన్ కంపెనీ టామియా, బ్యాటరీలూ మోటారూ పట్టేలా ఒక పాంథర్ ట్యాంకు బొమ్మ చేస్తే, అది ఇంచుమించు ఆ వంతుకు వచ్చింది. ప్రపంచమంతా ఆ కొలతనే పట్టుకుంది.

మొదటిసారి కట్టాలనుకునేవారికి ఒక మాట. ఇంజను, లోపలి సీట్లు, గుండ్లు అన్నీ ఉన్న పెద్ద పెట్టెల జోలికి వెళ్లకండి. టరెట్ మూశాక వాటిలో సగం ఎవరికీ కనపడవు. తక్కువ భాగాలున్న సాదా కిట్ తీసుకోండి. పెట్టె తెరవకముందే ఒక ఫ్యాక్టరీని, ఒక సంవత్సరాన్ని ఎంచుకుని, ఆ బండి పాత ఫొటోలు పట్టుకోండి. డబ్బు మిగిలితే విడి లంకెల గొలుసు మీద పెట్టండి.