చెవి ఒగ్గి వినేవాళ్ళు

"హాబీ" అనే మాటకి మన ఇళ్ళల్లో రెండు ధరలున్నాయి. ఇంటాయన ఫొటోలు తీసినా, పాత రేడియో విప్పి మళ్ళీ బిగించినా అది హాబీ. దానికి ఓ అలమారు, ఓ ఆదివారం మధ్యాహ్నం, కాసింత నిశ్శబ్దం అన్నీ సమకూరుతాయి. అదే ఇల్లాలు కథ రాసుకున్నా, ఆడపిల్ల నోటుబుక్కు చివరి పేజీల్లో బొమ్మలు గీసుకున్నా అది "ఏదో కాలక్షేపం". తమాషా ఏమిటంటే, ఆ మాట ఇంకెవరో అననక్కర్లేదు. ముందుగా మనమే అనేసుకుంటాం. "ఏదో కాలక్షేపానికి గీకానండీ" అంటూ కాగితాలు చేతిలో పెట్టే అమ్మాయిలు నాలాంటి నవలలు రాసేవాళ్ళకి తరచు ఎదురవుతూనే ఉంటారు. నిజంగా కాలక్షేపానికే అయితే, ఆ కాగితాలు ఇచ్చేటప్పుడు చెయ్యి ఎందుకు వణుకుతుంది?

ఆ వణుకుని అర్థం చేసుకున్న సినిమా ఒకటుంది. బొమ్మల సినిమా. అందులోనూ జపాను బొమ్మల సినిమా. "పిల్లలు చూసేవి మాకెందుకు?" అని పేజీ తిప్పెయ్యకండి. జపానులో బొమ్మల కథల్ని మాంగా అనీ, వాటి తోబుట్టువులైన కదిలే బొమ్మల సినిమాల్ని ఆనిమే అనీ అంటారు. అక్కడ అవి పిల్లలకెంతో పెద్దలకీ అంతే. ఈ సినిమా పేరు 'మిమి ఒ సుమసెబా'. "చెవి ఒగ్గి వింటే" అని చెప్పుకోవచ్చు. 1995 జూలైలో విడుదలయింది. అఓయి హీరాగి అనే రచయిత్రి 1989లో 'రిబోన్' అనే అమ్మాయిల మాసపత్రికలో వేసిన మాంగా దీనికి మూలం. స్క్రీన్‌ప్లే రాసింది పేరుమోసిన హయావో మియజాకి. దర్శకత్వం యోషిఫుమి కొండో. వెండితెరకి ఆయన దర్శకత్వం వహించిన సినిమా ఇదొక్కటే. 1998లో, 47 ఏళ్ళకే కన్నుమూశాడు.

కథ చాలా చిన్నది. టోక్యోకి పడమటి వైపు తామా గుట్టల మీద కట్టిన అపార్టుమెంట్లలో షిజుకు అనే అమ్మాయి ఉంటుంది. మన లెక్కలో తొమ్మిదో క్లాసు ఈడు. తండ్రి లైబ్రరీలో ఉద్యోగి. అక్క కాలేజీలో చదువుతోంది. అక్కచెల్లెళ్ళిద్దరికీ ఒకే గది, ఒకదానిమీద ఒకటిగా రెండు పడకలు. ఇక తల్లి! ఇద్దరు ఎదిగిన పిల్లల తల్లి, మళ్ళీ యూనివర్సిటీలో చేరి చదువుకుంటోంది. ఆవిడ గ్రంథాల మధ్య మునిగి ఉంటుంది కనక ఇల్లు కాస్త చిందరవందరగానే ఉంటుంది. గిన్నెలు తోమే వంతు పిల్లలది. ఇందులో వింతేమీ లేనట్టు, ఎవరూ ఎవరినీ మెచ్చుకోకుండా, దెప్పకుండా సినిమా దాన్ని అలా చూపించి ఊరుకుంటుంది. అదే నాకు నచ్చింది.

షిజుకు పుస్తకాల పురుగు. లైబ్రరీ పుస్తకం వెనక ఉండే కార్డుల్లో తనకన్నా ముందు ప్రతిసారీ ఒకే పేరు కనిపిస్తుంది: సెయిజి. వాడెవడో తెలుసుకోవాలని మొదలైన కుతూహలమే కథ. లైబ్రరీలోకి ఇక బార్‌కోడులు రాబోతున్నాయని మొదట్లోనే తండ్రి అంటాడు. ఇంకొక్క ఏడాది ఆలస్యమైతే ఈ ప్రేమకథ పుట్టేదే కాదన్నమాట! మన వెనకతరంవాళ్ళు అద్దె లైబ్రరీ నవలల అంచుల మీద గీతలు చూసి, ఇవి ఎవరు గీశారా అని ఆలోచించుకున్న రోజులు గుర్తొస్తే, ఆ కార్డుల సంగతి మనకి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ సెయిజికి వయొలిన్లు తయారుచెయ్యాలని కోరిక. చదువు మానేసి ఇటలీలోని క్రెమోనాకి వెళ్ళి పని నేర్చుకుంటానంటాడు. మూలంలో ఈ కుర్రాడు బొమ్మలు వేస్తాడు. సినిమాలో వయొలిన్ చేశారు. ఈ ఒక్క మార్పు సినిమా అంతటినీ నిలబెట్టిందని నా అభిప్రాయం. ఎందుకంటారా? బొమ్మ వేసేవాడు ఒంటరిగా వేసుకుంటాడు, మనం పక్కన నిలబడి చూడాలి. పాట అలా కాదు. దాంట్లోకి ఇంకొకరు రావచ్చు.

ఆ రావడం ఎలా ఉంటుందో నేలమాళిగలోని కార్ఖానా సన్నివేశంలో చూడాలి. 1971లో వచ్చిన 'టేక్ మి హోమ్, కంట్రీ రోడ్స్' అనే అమెరికా పాటని షిజుకు స్నేహితురాలి కోసం జపనీసులోకి తెస్తూ ఉంటుంది. మొదట ఉన్నదున్నట్టు మారిస్తే చప్పగా ఉంటుంది. సొంత ఊరికి తీసుకుపొమ్మని రోడ్డుని బతిమాలే పాట కదా అది! అపార్టుమెంట్లలో పెరిగిన పిల్లకి సొంత పల్లె ఎక్కడిది? చిరాకేసి, అడవులు కొట్టి వేసిన కాంక్రీటు రోడ్డు మీద ఓ వెక్కిరింపు పాట కడుతుంది. చివరికి, ఊరికి తిరిగి వెళ్ళని మనిషి పాటగా దాన్ని మార్చేసుకుంటుంది. అనువాదమంటే ఏమిటో ఇంతకంటే తేలిగ్గా చెప్పిన పాఠం నేను బి.ఏ.లో కూడా వినలేదు.

సరే, సెయిజి తను చేసిన వయొలిన్ మీద ఆ పాట ఎత్తుకుంటాడు. పాడమంటాడు. ఆ పిల్ల సిగ్గుపడుతూనే గొంతు కలుపుతుంది. ఇంతలో మెట్లమీద అలికిడి. సెయిజి తాతగారు, ఆయన స్నేహితులిద్దరు తొంగి చూస్తారు. ఎవరూ "బాగా పాడుతోందే" అనరు. "ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అని అడగరు. నెమ్మదిగా వచ్చి, ఎవరి వాద్యం వాళ్ళు అందుకుని పాటలోకి దిగిపోతారు. ఆ ముసలివాళ్ళు ఏ సభలోనూ కచేరీ చేసేవాళ్ళు కారు. వాళ్ళకది సంపాదనా కాదు, పేరూ కాదు. అయినా వాయించడంలో ఎంత శ్రద్ధ! సినిమా మొత్తంలో అందరి మొహాలూ ఒక్కసారిగా వెలిగేది అక్కడే.

ఇంతా అయ్యాక షిజుకుకి దిగులు పట్టుకుంటుంది. ఆ కుర్రాడికి తనకేం కావాలో తెలుసు. మరి నాకు? ఆలోచించి ఆలోచించి, కథ రాయాలని నిర్ణయించుకుంటుంది. తాతగారి పురాతన వస్తువుల దుకాణంలో సూటూబూటూ వేసుకున్న పిల్లి బొమ్మ ఒకటుంటుంది, దాని పేరు బేరన్. ఆ పిల్లిని కథలో పెట్టుకుంటానని అడుగుతుంది. తాతగారు ఒక్క షరతు పెడతాడు: రాశాక మొదట నేనే చదవాలి.

ఆయన ఆమెకో రాయి చూపిస్తాడు. పైకి మామూలు రాయి, పగుల్లోంచి చూస్తే లోపల పచ్చల మెరుపు. నువ్వూ సెయిజీ ఇంకా ఇలాంటి రాళ్ళే, లోపలిది వెతికి పట్టుకుని సానబెట్టుకోవాలి, దానికి చాలాకాలం పడుతుందని చెబుతాడు.

ఇక్కణ్ణుంచి నాకు ప్రాణం లేచివచ్చింది. రాయడం గురించి సినిమాలు సాధారణంగా అబద్ధాలు చెబుతాయి. హీరోయిన్ కిటికీ దగ్గర కూర్చుని కలం కొరికితే మర్నాటికి పుస్తకం అచ్చయిపోతుంది. షిజుకుకి అలా జరగదు. రాత్రిళ్ళు మేలుకుంటుంది, తిండి మానేస్తుంది, పరీక్షల్లో ర్యాంకు నూరు మెట్లు కిందికి జారుతుంది. ఓ రాత్రి కలొస్తుంది. గుహలో మెరిసే రాళ్ళ కోసం వెతుకుతూ ఒకటి చేతిలోకి తీసుకుంటుంది. తీరా చూస్తే అది చచ్చిపోయిన పిట్టపిల్ల! రాసేవాళ్ళ భయాన్ని ఇంత సూటిగా చూపించిన కల ఇంకొకటి నాకు తెలియదు.

ర్యాంకు సంగతి బయటపడ్డాక అక్క కేకలేస్తుంది. మన ఇంట్లో అయితే ఏమవుతుందో ఇంటర్ చదివే పిల్లలున్న తల్లులందరికీ తెలుసు. ఆ ఇంట్లో తండ్రి ఇద్దర్నీ కూర్చోబెట్టి వింటాడు. ఏం చేస్తున్నదీ ఇప్పుడు చెప్పలేనంటుంది పిల్ల. నీ మనసుకి తోచింది చెయ్యి, కానీ నలుగురూ నడవని దారిలో నడిస్తే కష్టం కూడా నీదే, ఇంకొకరి మీదకి నెట్టడానికి వీలుండదు, అంటాడాయన. తల్లి కూడా తనకీ అలాంటి రోజులు లేకపోలేదని ఒప్పుకుంటుంది. పిల్లలు అడిగిందల్లా ఇవ్వడమంటే ఇది కాదు. స్వేచ్ఛతోపాటు దాని బిల్లు కూడా చేతిలో పెట్టడం.

కథ పూర్తవుతుంది. తాతగారు చదువుతానంటాడు. ఇప్పుడే ఇక్కడే చదవండి అంటుంది ఆ పిల్ల. పొద్దు వాలేదాకా ఆయన చదువుతాడు, ఈమె బయట చలిలో కూర్చుని ఉంటుంది. చదివి ఏమంటాడు? కథ ముతకగా ఉంది, సూటిగా ఉంది, ఇంకా పూర్తికాలేదు, సెయిజి వయొలిన్ లాగే, అంటాడు. రాయాలనుంటే చాలదని నాకు తెలిసిపోయింది, నాకింకా ఎన్నో తెలియాలి అని ఆమె భోరున ఏడుస్తుంది. తాతగారు లోపలికి పిలిచి వేడివేడిగా నూడిల్స్ పెడతాడు. అంతే.

మన పిల్లలు ఏదైనా తెచ్చి చూపిస్తే మనం అనే మాటలు రెండే. ఒకటి, చదవకుండానే "అబ్బ, ఎంత బాగుందో!" రెండు, చూడకుండానే "దీనికి మార్కులిస్తారా?" రెండింటికీ అర్థం ఒకటే, నాకు తీరిక లేదు అని. తాతగారిది మూడో దారి. మొత్తం చదివాడు, నిజం చెప్పాడు, అన్నం పెట్టాడు. విమర్శకులం అనిపించుకునే మాలాంటివాళ్ళు మొదటి రెండూ ఎప్పుడైనా చేస్తామేమో గాని, మూడోది చేసినవాళ్ళని నేను చూడలేదు.

ఇంత మెచ్చుకున్నాను కదా, నా ఫిర్యాదులూ వినండి. మొదటిది ముగింపు. తెల్లవారుజామున సెయిజి సైకిలు మీద ఆమెని ఎక్కించుకుని గుట్ట ఎక్కుతుంటే, నేను నీకు బరువుగా ఉండనంటూ షిజుకు దిగి వెనకనుంచి సైకిలు తోస్తుంది. ఆహా, ఎంత చక్కని బొమ్మ! అక్కడ ఆపెయ్యకూడదూ? పైకెళ్ళి సూర్యోదయం చూస్తూ కుర్రాడు పెళ్ళిమాట ఎత్తేస్తాడు, పిల్ల సరేనంటుంది. పదిహేనేళ్ళకి! తనకంటూ ఓ దారి వెతుక్కోవడానికి నానా తంటాలూ పడ్డ పిల్లని మళ్ళీ మనకి బాగా అలవాటైన గుమ్మం ముందే దింపేశారు.

రెండోది ఇంకా పెద్దది. ఆ రాయి సంగతి. లోపల పచ్చ ఉంది, సానబెట్టు అనడం బాగానే ఉంది. లేకపోతే? ఎంత చెక్కినా రాయే అయితే? అలాంటివాళ్ళే కదా ఎక్కువ! వాళ్ళు రాసుకున్నదీ పాడుకున్నదీ వ్యర్థమేనా?

ఈ ప్రశ్నకి జపాను జీవితంలోనే ఓ జవాబుంది. 1975 డిసెంబరు 21న టోక్యోలో ఓ చిన్న హాల్లో మాంగా అభిమానులు సంత పెట్టుకున్నారు. ఇంట్లో గీసి, సొంత ఖర్చుతో అచ్చువేసుకున్న చిన్నచిన్న పుస్తకాల సంత. 32 బృందాలు, ఏడువందలమంది దాకా జనం. ఎక్కువమంది బడికెళ్ళే అమ్మాయిలే! దాని పేరు కామికెట్. 2019 డిసెంబరులో నాలుగు రోజుల సంతకి ఏడున్నర లక్షలమంది వచ్చారు. అక్కడ అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు అనే తేడా పాటించరు, అందరూ "పాల్గొనేవాళ్ళే". ఇలా సొంతంగా అచ్చువేసుకునే ఆడపిల్లల బృందంగా మొదలై 'క్లాంప్' రచయిత్రులు గొప్పవాళ్ళయ్యారు, నిజమే. వేలమంది అవలేదు. అయినా మళ్ళీ గీసుకుని వస్తూనే ఉన్నారు.

పాటదీ అదే కథ. 2007 ఆగస్టు 31న సప్పోరోలోని ఓ కంపెనీ 'హత్సునే మికు' అనే గొంతుని అమ్మకానికి పెట్టింది. ఓ నటి కంఠంతో తయారైన కంప్యూటరు గొంతు అది. వరసా మాటా ఇస్తే పాడుతుంది. ఇంట్లో పాట కట్టుకుని, పాడేవాళ్ళు దొరకనివాళ్ళకి అది వరమైంది. అలా మొదలైన కెన్షి యోనెజు, 2023లో మియజాకి తీసిన సినిమాకి పాట రాసి పాడేదాకా వెళ్ళాడు. అతను పచ్చే. మరి మిగిలినవాళ్ళు? వాళ్ళ పాటలు నలుగురు విన్నారు, వాళ్ళు నలుగురివి విన్నారు.

నేలమాళిగలో ఆ ముసలివాళ్ళు చేసిందీ అదే. సినిమా నోటితో పచ్చరాయి గురించి చెబుతుంది గాని, దాని గుండె మాత్రం ఆ నేలమాళిగలో ఉంది. నేను గుండెనే నమ్ముతాను. పేరు చూడండి: చెవి ఒగ్గి వింటే. రాస్తే, పాడితే అనలేదు.

కాబట్టి, మీ అమ్మాయి నోటుబుక్కు చివరి పేజీలు ఎప్పుడైనా మీ ముందు పెడితే, పొయ్యి కట్టేసి కూర్చోండి. ఆఖరు పేజీ దాకా చదవండి. బాగాలేనిది బాగాలేదనే చెప్పండి. తర్వాత అన్నం పెట్టండి. ఆ పేజీలు మీ సొంతమే అయితే మాత్రం, "ఏదో కాలక్షేపానికి" అని ముందే అనెయ్యకుండా ఇంకొకరి చేతిలో పెట్టండి. చెయ్యి వణికితే వణకనివ్వండి.