కంటికి కనబడని మందకు లెక్క

బాన్సువాడ చేపల బజార్లో నిలబడి నిజాంసాగర్‌లో చేపలెన్ని ఉంటాయని అడగండి. "నీళ్లల్ల చేపల్ని ఎవలు లెక్కబెట్టిన్రు సారూ!" అని నవ్వేస్తారు. లెక్కబెట్టేవాళ్లున్నారు. మంద ఎంత, ఏటా చచ్చేదెంత, అందులో వలకు చిక్కేదెంత అని ఒడ్డు మీద కూర్చునే తేల్చే మత్స్యశాస్త్రవేత్తలు. వాళ్లకు నేను వీరాభిమానిని. ఈ వ్యాసంలో తటస్థత వెతక్కండి.

పనిముట్లు మూడే: కొలబద్ద బిగించిన పలక, తక్కెడ, నోటుపుస్తకం. రేవుకొచ్చిన బొచ్చెను పలక మీద పడుకోబెట్టి, మూతిని అంచుకు ఆనించి, తోక కొసదాకా పొడవు చదువుతారు. పొట్ట కోసి గుడ్లు ఏ దశలో ఉన్నాయో చూస్తారు. అలా వందల చేపలు, నెలనెలా. ఆ పొడవులను గ్రాఫు మీద పేరిస్తే ఈ ఏటి పిల్లలు ఒక గుట్టగా, నిరుటివి ఇంకో గుట్టగా లేస్తాయి. వచ్చే నెలకు గుట్ట ఎంత జరిగిందో చేప అంత పెరిగినట్టు. 1890లలోనే డెన్మార్క్‌లో పీటర్సన్ ఈ కిటుకు పట్టాడు. చలిదేశాల చేపకు చెవిరాతి మీద ఏడాదికో వలయం పడుతుంది. మన వెచ్చటి నీళ్లలో ఆ గీతలను అంతగా నమ్మలేం. మనకు పొడవులే దిక్కు.

అసలు గడుసుతనం చావుల లెక్కలో ఉంది. గుట్ట పెద్ద పొడవుల వైపు పోయేకొద్దీ పలచబడే తీరునుబట్టి మొత్తం చావులు తేలుతాయి. వాటిలోంచి సహజమరణాలు తీసేస్తే మిగిలింది వల పద్దు. ఆ సహజమరణాలను పట్టడానికే మత్స్యశాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1980లో 175 మందల వివరాలు కూడేసి, చేప పెరుగుదలకూ నీటి వేడికీ ముడివేసి సూత్రం చెప్పాడు. ఏం బుర్ర! మన కాకినాడ తీరంలో కారల మీద వి. శ్రీరామచంద్రమూర్తి చేసిన పనికీ నేనంతే దండం పెడతాను. బజారులో చవగ్గా పోయే చేపకు అంత ఓపిక ఎవరు పెడతారు?

నిజాంసాగర్ చరిత్ర అందరికీ తెలిసిందే. 1923-31 మధ్య మంజీర మీద కట్టారు, ఇంజనీరు అలీ నవాజ్ జంగ్. దాదాపు 30 టీఎంసీలు పట్టాల్సినది పూడికతో 18 లోపుకు దిగింది. పైన సింగూరు జలాశయం వచ్చాక నీటి రాకా మారింది. అంటే చేపకు ఇల్లే ఏటికేడు మారుతోంది. ఇలాంటిచోట నిరుటి లెక్క ఈ ఏటికి పనికిరాదు.

మరి మనం చేస్తున్నదేమిటి? 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. మంచిదే. కానీ ఎన్ని లక్షలు వదిలామన్నది ఫోటోలతో సహా పేపర్లకెక్కుతుంది. ఎన్ని బతికాయి, ఏ సైజులో పట్టారు అన్న మాట ఎవరి నోటా రాదు. వదిలిన సంఖ్యను మంద అనుకోవడం శుద్ధ అజ్ఞానం. సన్నకన్ను అలివి వల పిల్లలను ఊడ్చుకుపోయాక ఆ లక్షలు ఎక్కడివి?

నకిలీ విద్య మీద నాకింకా మంట. బజారులో రెండు నెలలు నాలుగు బుట్టలు కొలిచి, అంకెలు సాఫ్ట్‌వేర్‌లో పోసి, బయటపడ్డ దాన్ని సిద్ధాంతవ్యాసంగా అచ్చేయడం! ఏ వలలో పడ్డాయో రాయరు. నాలుగంగుళాల కన్నున్న వలలోంచి పిల్లచేప జారిపోతుంది; ఆ వల చేపల్నే కొలిచి చెరువులో పిల్లల్లేవంటే ఎలా? మరణాల్లో సగం వల వల్లయితే ఫరవాలేదన్న పాత కొండగుర్తును పట్టుకుని, మంద క్షేమమని తీర్పు కూడా ఇచ్చేస్తారు. చిన్నచేపలకు ఆ సగం కూడా ఎక్కువేనని తర్వాతివాళ్లు తేల్చారు. అది చదివే తీరిక వీళ్లకు లేదు.

బాన్సువాడ చుట్టుపక్కల మత్స్య సహకార సంఘాల పెద్దలకు నాదొక విన్నపం. నెలకోసారి రేవులో వంద చేపల పొడవులు రాయించండి. రాయగలిగిన పిల్లలు మీ ఇళ్లలోనే ఉన్నారు. ఏ వల, కన్నెంత, ఎన్ని గంటలు వేశారు అన్నదీ పక్కన ఉండాలి. మూడేళ్ల పుస్తకం చేతికొచ్చాక, వచ్చే వానాకాలం ఏ సైజు పిల్లలు ఎన్ని కావాలో అధికారులకు మీరే చెప్పండి.