వెల, విలువ, మారకం: హిట్టర్ల మార్పిడిపై తెలుగు క్రికెట్ అభిమానుల వాదసరళి

వ్యాససంగ్రహం:
ఐపీఎల్‌లో ధాటిగా ఆడే బ్యాటర్‌ను ఒక జట్టు మరో జట్టుకు ఇచ్చి, బదులుగా ఆటగాళ్లనో సొమ్మునో తీసుకున్నప్పుడు ‘ఎవరు లాభపడ్డారు?’ అన్న చర్చ తెలుగు అభిమానుల మధ్య ఏళ్ల తరబడి సాగుతుంది. ఈ చర్చలో ‘విలువ’ అన్న ఒక్క మాటే వెల, మారకం, వినియోగం అనే మూడు అర్థాలను మోస్తున్నదనీ, వాటిని విడదీయకపోవడం వల్లనే వాదం తెగడం లేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 2018లో సన్‌రైజర్స్ హైదరాబాద్, ఢిల్లీ జట్ల మధ్య జరిగిన శిఖర్ ధావన్ మార్పిడి ఇందులో ప్రధానోదాహరణ. తీరగ్రామాల చేపలపాట, గురజాడ ‘కన్యాశుల్కం’ పోలికకు స్వీకరించిన అంశాలు.

కీలకపదాలు: వేలంపాట, మారకం, ఐపీఎల్, అభిమాన వాదం, జల్పం, కన్యాశుల్కం.

1. ఉపోద్ఘాతం:
శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు సముద్రం మీద బతికే ఊరు. తీరానికి చేరిన చేపను పాటలో అమ్మడం తెలుగు తీరమంతటా ఉన్న పద్ధతి. ఎక్కువ పలికినవారు ‘పాడుకున్నారు’ అంటారు. వేలానికి ‘పాట’ అన్న ఈ వాడుక తెలుగుకు సహజమైనది. కోనెం, చందువ వంటి చేపకు ఫలానా ధర అని ముందే నిర్ణయమై ఉండదు. ఆ రోజు ఎన్ని పడవలు తిరిగివచ్చాయి, ఒడ్డున ఎందరు కొనేవారున్నారు, ఎవరి చేతిలో ఎంత సొమ్ముంది అన్నవాటిని బట్టి ధర పలుకుతుంది. చేప మారకపోయినా పూటపూటకూ ధర మారుతుంది. పాటను రోజూ చూసేవారికి ఇది వివరించి చెప్పవలసిన విషయం కాదు.

అయితే ఇదే పద్ధతి క్రికెట్ ఆటగాళ్లకు వర్తించినప్పుడు అభిమానుల తర్కం మారిపోతుంది. ఆటగాడికి పలికిన ధర అతని గుణానికి కొలతగా స్థిరపడుతుంది. ధర ఎక్కువై పరుగులు తగ్గితే అతను మోసగాడవుతాడు. ధర తక్కువై పరుగులు పెరిగితే జట్టు యాజమాన్యం దూరదృష్టి గలదవుతుంది. ఈ తర్కంలోని బలాన్నీ లోపాన్నీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ‘విలువ’ – పదచర్చ:
ధరను విలువగా పొరబడడం కేవలం నేటి వ్యాపార సంస్కృతి తెచ్చిన దోషమని చెప్పడం సులభం. కానీ పదచరిత్ర అందుకు పూర్తిగా సహకరించదు. ప్రాచీన తెలుగులో ‘విలుచు’ అంటే కొనడం. ‘విలువ’, ‘వెల’ అన్న మాటలు ఆ ధాతువుకు చెందినవే. తమిళంలోని ‘విల్’ (అమ్ము), ‘విలై’ (వెల) వీటికి సోదరపదాలు. అంటే తెలుగులో విలువ అన్న భావన క్రయవిక్రయాల నుంచే పుట్టింది. నైతికార్థం తరువాత చేరింది. ఆ తరువాతనే ‘వెలలేనిది’ అన్న మాట అత్యున్నత ప్రశంస అయింది.

పత్రికాభాషలోనూ ఈ ద్వంద్వం కనిపిస్తుంది. జట్టు ఆటగాణ్ణి ‘దక్కించుకుంటుంది’, ‘అట్టిపెట్టుకుంటుంది’, ‘వదులుకుంటుంది’. ఎవరూ పాడనివాడు ‘అమ్ముడుపోని ఆటగాడు’. రాజకీయాల్లో ఒకరిని ‘అమ్ముడుపోయాడు’ అనడం నింద. క్రికెట్ వేలంలో అమ్ముడుపోకపోవడమే అవమానం. ఒకే క్రియ రెండు రంగాల్లో రెండు వ్యతిరేక నైతికఫలాలను ఇస్తున్నది. కాబట్టి అభిమానుల వాదాన్ని పరిశీలించేటప్పుడు ‘విలువ’ను కనీసం మూడుగా విడదీయాలి. పాటలో పలికింది వెల. అతనికి బదులుగా మరో జట్టు ఇవ్వడానికి సిద్ధపడింది మారకం. ఫలానా జట్టులో, ఫలానా స్థానంలో అతను చేసే పని వినియోగం.

వెలకూ వినియోగానికీ మధ్య దూరాన్ని 2023 డిసెంబరు 19న దుబాయిలో జరిగిన వేలం స్పష్టంగా చూపింది. ఆ రోజు సన్‌రైజర్స్ ప్యాట్ కమిన్స్‌ను 20.5 కోట్లకు, ట్రావిస్ హెడ్‌ను 6.8 కోట్లకు తీసుకుంది. సరిగ్గా నెల కిందటే ప్రపంచకప్ ఫైనల్లో 137 పరుగులు చేసిన బ్యాటర్‌కు ఆ జట్టు కెప్టెన్ వెలలో మూడోవంతు మాత్రమే పలికింది. 2024 ఐపీఎల్‌లో హెడ్ 567 పరుగులు చేశాడు. ఇందువల్ల కమిన్స్‌కు ఎక్కువ ఇచ్చారని తేలదు. అతను బౌలర్, ఆ ఏడాది సన్‌రైజర్స్‌ను ఫైనల్‌కు నడిపిన సారథి. తేలేది ఒక్కటే: పాట ముగిసేది ఆటగాడి ప్రతిభ ఎక్కడ ఆగిందో అక్కడ కాదు, రెండో పాటగాడు ఎక్కడ ఆగాడో అక్కడ.

3. ధావన్ మార్పిడి – లెక్కలోని చిక్కు:
2018 సీజన్ తరువాత సన్‌రైజర్స్ శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి విజయ్ శంకర్, షాబాజ్ నదీం, అభిషేక్ శర్మలను తీసుకుంది. ఆ ఏడాది వేలం ప్రకారం ధావన్ వెల 5.2 కోట్లు. విజయ్ శంకర్, నదీంలకు చెరి 3.2 కోట్లు, అభిషేక్‌కు 55 లక్షలు, మొత్తం 6.95 కోట్లు. తేడా సొమ్ము సన్‌రైజర్స్ చెల్లించేలా ఒప్పందం కుదిరింది. ఈ అంకెల ప్రకారం అభిషేక్ మార్పిడిలో అతి చిన్న భాగం, దాదాపు కొసరు.

తరువాతి కథ అభిమానులకు కంఠస్థం. 2024లో అభిషేక్ 484 పరుగులు, 42 సిక్సర్లు సాధించాడు. 2025 ఏప్రిల్ 12న హైదరాబాదులో పంజాబ్ కింగ్స్‌పై 55 బంతుల్లో 141 పరుగులు చేశాడు. దీంతో ‘ధావన్‌ను ఇచ్చి అభిషేక్‌ను తెచ్చుకున్న బేరం’ సన్‌రైజర్స్ చరిత్రలో గొప్ప లాభంగా ప్రచారంలోకి వచ్చింది.

ఈ నిర్ణయాన్ని రెండు వాస్తవాలు ప్రశ్నిస్తాయి. మొదటిది, ఢిల్లీ నష్టపోలేదు. ధావన్ ఆ జట్టుకు 2019లో 521, 2020లో 618, 2021లో 587 పరుగులు చేశాడు. 2020లో ఢిల్లీ తొలిసారి ఫైనల్ చేరింది. ఆ మూడేళ్ల లెక్క చూస్తే బేరం ఢిల్లీదే. రెండవది మరింత కీలకం. 2022 మహావేలానికి ముందు సన్‌రైజర్స్ అట్టిపెట్టుకున్న ముగ్గురిలో అభిషేక్ లేడు. అతను తిరిగి వేలానికి వెళ్లాడు, సన్‌రైజర్స్ 6.5 కోట్లకు మళ్లీ పాడుకుంది. అంటే 2024 నాటి అభిషేక్ 2018 మార్పిడి ఫలం కాదు, 2022 పాట ఫలం. 55 లక్షల కొసరుగా వచ్చినవాణ్ణి అదే జట్టు దాదాపు 12 రెట్లు చెల్లించి తిరిగి తెచ్చుకుంది. మార్పిడి వల్ల దక్కింది అతణ్ణి దగ్గరనుంచి చూసే అవకాశం మాత్రమే. అదీ చిన్న లాభం కాదు. కానీ ‘55 లక్షలకు దొరికిన వజ్రం’ అన్న వాదం మధ్యలోని ఒక పాటను మరచి చేసిన లెక్క.

ఇలాంటి మార్పిడికి బేస్‌బాల్ చరిత్రలో తిరుగుముఖపు ఉదాహరణ ఉంది. 1965 డిసెంబరులో సిన్సినాటి రెడ్స్ జట్టు, ముప్ఫై ఏళ్ల హిట్టర్ ఫ్రాంక్ రాబిన్సన్‌ను బాల్టిమోర్ ఓరియోల్స్‌కు ఇచ్చి ముగ్గురు ఆటగాళ్లను తీసుకుంది. 1966లో రాబిన్సన్ 49 హోమ్ రన్లు కొట్టి, బ్యాటింగ్‌లో మూడు ప్రధాన విభాగాల్లోనూ తన లీగ్‌లో అగ్రస్థానం పొందాడు. ఓరియోల్స్ ఆ ఏడాది వరల్డ్ సిరీస్ గెలిచింది. అక్కడ ముగ్గురికంటే ఒక్కడే మిన్న అయ్యాడు. ఇక్కడ ముగ్గురిలో కొసరైనవాడే కాలక్రమంలో పెద్ద హిట్టర్ అయ్యాడు. వయసు, సంఖ్య, పాత ధర అన్న కొలమానాలు రెండు చోట్లా ఉన్నాయి. ఏ చోటా అవి ఫలితాన్ని ముందుగా చెప్పలేదు.

4. వాదం, జల్పం, వితండం:
న్యాయదర్శనం చర్చను మూడు విధాలుగా విభజించింది. తత్త్వనిర్ణయం కోసం చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తన పక్షమేదీ స్థాపించకుండా ఎదుటిపక్షాన్ని ఖండించడమే వితండం. అభిమానుల చర్చల్లో ఈ మూడూ కలగలిసి ఉంటాయి.

మార్పిడి జరిగిన రోజున సాగే చర్చలో వాదలక్షణాలు ఎక్కువ. జట్టుకు ఓపెనర్ అవసరమా, మధ్య ఓవర్లలో స్పిన్‌ను ఎదుర్కొనేవారున్నారా, ఖజానాలో ఎంత మిగులుతుంది, విదేశీ ఆటగాళ్ల పరిమితి ఏమవుతుంది వంటి ప్రశ్నలు ముందుకొస్తాయి. ఫలితం ఎవరికీ తెలియదు కాబట్టి హేతువే ఆధారం. ఐదారేళ్ల తరువాత సాగే చర్చ జల్పం వైపు జారుతుంది. ఫలితం చేతిలో ఉంటుంది. దానికి తగిన హేతువును వెనక్కి వెళ్లి వెతుక్కుంటారు. ధావన్‌ను వదిలినప్పుడు అభిషేక్ సంగతి ఎవరైనా ప్రధానాంశంగా ఎత్తారా అన్న ప్రశ్న జల్పంలో రాదు. ఇక ఏ మార్పిడి జరిగినా ‘అంతా డబ్బు వ్యవహారం’ అని కొట్టిపారేయడం వితండం. అందులో కొంత నిజమున్నా, ఏ మార్పిడి ఎందుకు మేలో, ఏది ఎందుకు కీడో అది చెప్పదు.

దీన్ని అభిమానుల అజ్ఞానంగా చూడడం తగదు. సాహిత్య విమర్శలోనూ ఇదే జరుగుతుంది. ఒక కవి ప్రసిద్ధుడైన తరువాత అతని తొలి రచనలో ప్రతిభాబీజాలను చూపడం తేలిక. ఆ బీజాలు నాడే కనబడ్డాయా అన్నది విమర్శకుడికి అసలు పరీక్ష. హిట్టర్ విలువపై జరిగే చర్చ నిజమైన వాదం కావాలంటే, ఏ కాలపరిధిలో, ఏ అర్థంలో విలువ అన్నది ముందు ప్రతిజ్ఞగా చెప్పాలి.

5. ‘మనోడు’ – మారకానికి లొంగని అంశం:
మూడు అర్థాలకూ అందని మరో విలువ ఉత్తరాంధ్ర అభిమానుల మాటల్లో ఉంది. ‘మనోడు’ అన్న పదం దానికి గుర్తు. విశాఖపట్నానికి చెందిన నితీశ్‌కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ తొలుత 20 లక్షలకు తీసుకుంది. 2024లో అతను 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాడి పురస్కారం పొందాడు. 2025 సీజన్‌కు జట్టు అతణ్ణి 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్ టెస్టులో చేసిన శతకం తరువాత ‘మనోడు’ అన్న మాటకు కొత్త బలం వచ్చింది.

2025 ఐపీఎల్‌లో అతను 13 మ్యాచ్‌ల్లో 182 పరుగులే చేశాడు. ఇలాంటి సందర్భాల్లో అభిమానభాషలో వచ్చే మార్పు గమనార్హం. బాగా ఆడినప్పుడు ఆటగాడికి ఊరి పేరు. విఫలమైనప్పుడు ధరే పేరు. ‘మనోడు’ కాస్తా ‘ఆరు కోట్లు’ అవుతాడు. సొమ్ము బూడిదలో పోసిన పన్నీరవుతుంది. ఆ సొమ్ము అభిమానిది కాదు, అయినా నష్టపోయినవాడిగా మాట్లాడేది అభిమానే. యాజమాన్యపు లెక్కను అభిమాని తనదిగా స్వీకరించడం ఇక్కడ జరుగుతున్న అసలు మార్పిడి. స్థానికతను మారకపట్టికలో చేర్చలేము. మరో జట్టు దానికి ఏమీ ఇవ్వదు. హైదరాబాద్ జట్టులో తెలుగువారు ఎందరన్న ప్రశ్న ఏటా వస్తున్నా మార్పిడి చర్చలో దానికి బలం చాలకపోవడానికి కారణం ఇదే. అది బలహీనమైన ప్రశ్న కాదు. వేరే జాతి ప్రశ్న.

6. సమ్మతి – ‘కన్యాశుల్కం’ వెలుగులో:
మనిషికి వెలకట్టే భాషను తెలుగు సాహిత్యం లోతుగా పరీక్షించింది ఉత్తరాంధ్రలోనే. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్కవివాహాల జాబితాను విజయనగరం మహారాజు తయారు చేయించగా 1034 నమోదయ్యాయని గురజాడ 1897 నాటి పీఠికలో తెలిపారు. నాటకంలో లుబ్ధావధాన్లు తక్కువ వెలకు సంబంధం దొరికిందని మురిసి, ఆడవేషంలో ఉన్న శిష్యుణ్ణి పెళ్లాడతాడు. అందరూ వెల గురించే మాట్లాడతారు. బేరంలో ఉన్నది ఎవరో చూసేవాడు లేడు. హాస్యం అక్కడ పుడుతుంది, విషాదమూ అక్కడే ఉంది.

ఈ పోలికకు హద్దుంది. శుల్కానికి అమ్ముడైన బాలికకు నోరు లేదు, సొమ్ము ఆమెకు చేరదు. ఐపీఎల్ ఆటగాడు వయోజనుడు, పారితోషికం అతనిదే, అతని సమ్మతి లేకుండా మార్పిడి కుదరదు. 2025 నవంబరులో సంజు శాంసన్ చెన్నైకి, రవీంద్ర జడేజా రాజస్థాన్‌కు మారినప్పుడు జడేజా పారితోషికం 18 కోట్ల నుంచి 14 కోట్లకు తగ్గింది. అంతటి మార్పునకూ ఆటగాడి అంగీకారం అవసరమే. అమెరికా బేస్‌బాల్‌లో ఈ హక్కు పోరాటంతో వచ్చింది. 1969లో తనను ఫిలడెల్ఫియాకు మార్చినప్పుడు సెయింట్ లూయిస్ ఆటగాడు కర్ట్ ఫ్లడ్ నిరాకరించి న్యాయస్థానానికి వెళ్లాడు. 1972లో సుప్రీంకోర్టు తీర్పు అతనికి వ్యతిరేకంగా వచ్చింది. అయినా ఆ వ్యాజ్యం లేవనెత్తిన ప్రశ్న నిలిచింది. 1975 డిసెంబరు నాటి మధ్యవర్తిత్వ నిర్ణయంతో ఒప్పందం ముగిసిన ఆటగాళ్లకు స్వేచ్ఛ లభించింది.

అందుచేత ఇక్కడ విమర్శించవలసింది వ్యవస్థలో లేని బానిసత్వాన్ని కాదు, సమ్మతిని చెరిపేసే వాక్యనిర్మాణాన్ని. ‘ధావన్‌ను ఇచ్చి అభిషేక్‌ను తెచ్చారు’ అన్న వాక్యంలో ఇద్దరు ఆటగాళ్లూ కర్మస్థానంలో ఉన్నారు. ధావన్ వెళ్లాడు, సొంత ఊరి జట్టుకు ఆడాడు అన్న కర్త్రర్థక వాక్యం కూడా నిజమే. అయినా మార్పిడి చర్చలో అది అరుదుగా వినబడుతుంది.

7. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలివి. అభిమానుల ‘విలువ’లో వెల, మారకం, వినియోగం కలిసిపోవడం వల్ల ఒకరి ప్రశ్నకు మరొకరు వేరే ప్రశ్న సమాధానం ఇస్తున్నారు. ధావన్ మార్పిడిపై స్థిరపడిన తీర్పు కాలపరిధిని విస్మరించింది, 2022 వేలాన్ని మరచింది. స్థానికత మారకానికి లొంగని విలువ. దానిని ధరతో కొలవడం వల్ల ఆటగాడూ అభిమానీ ఇద్దరూ నష్టపోతున్నారు. మార్పిడిని వర్ణించే వాక్యాలు ఆటగాడి కర్తృత్వాన్ని దాచుతున్నాయి.

అంకెలు, హేతువు, ప్రతిహేతువులతో నిత్యం తెలుగులో సాగుతున్న ఈ చర్చను భాషాసాహిత్య విభాగాలు వాదసామగ్రిగా గుర్తించవలసి ఉంది. చేప ధర పూటను బట్టి మారుతుందని ఒడ్డున నిలబడి తెలుసుకున్న సమాజానికి, హిట్టర్ ధర కూడా అటువంటిదేనని చెప్పడానికి కొత్త సిద్ధాంతం అక్కరలేదు. ఆ తెలివిడిని ఆట దగ్గరా నిలుపుకుంటే చాలు.